చెయ్యి తగిలితేనే లేవాలె

మెడ కుడిపక్క, చెవి కింద, చున్నీ అంచు రాసుకునే చోట మొదలైంది. నొప్పి కాదు. దురద అందామా అంటే గోకితే పోదు. తుమ్ము రాబోయే ముందు ముక్కులో ఒక తొందర పుడుతుంది చూడు, అదే మెడలో పుట్టిందనుకో. తల ఒక్కసారి కుడికి విసిరితే ఆ క్షణానికి పోతుంది. మళ్లీ వస్తుందనీ నీకు తెలుసు. కానీ ఇది నాలుగో పీరియడ్. ఫిజిక్స్ సారు బోర్డు మీద పుటాకార దర్పణం గీస్తున్నాడు. వెనక బెంచీలో ఇద్దరు పాఠం వదిలేసి నీ జడనే చూస్తున్నారని వీపుకు తెలుస్తోంది. అందుకే విసరవు. భుజాలు చెవులదాకా బిగిస్తావు, పళ్లు కరుస్తావు, రెండు చేతులతో బెంచీ చెక్క పట్టుకుంటావు.

చెక్క మీద ఎప్పటి పిల్లలో కంపాస్ మొనతో చెక్కిన పేరుంది. ఆ అక్షరాల గాడిలో బొటనవేలు పెట్టి రుద్దుతావు. గోరు కింద పేడు దిగింది. దిగనీ. మెడలోది తగ్గకపోగా గొంతులో ఇంకొకటి లేచింది. నాలుక మొదట్లో ఏదో అడ్డం పడ్డట్టుంది, దాన్ని "ఖ్‌హా" అని బయటికి తోస్తే తప్ప ఊపిరి సరిగా ఆడదనిపిస్తోంది. మింగుతావు. మళ్లీ మింగుతావు.

"మన షాద్‌నగర్ల ఎన్‌ఆర్‌ఎస్‌సీ ఉన్నది గదా, ఆడ తెల్ల డిష్‌లు చూసిన్రా ఎవరన్న?" అంటున్నాడు సారు. "గవి గూడ ఈ అద్దం లెక్కనే లోపలికి వంగి ఉంటయ్. పైనుంచి ఉపగ్రహం పంపిన తరంగాలన్ని వాటి మీద పడి ఒక్క తాన కూడుతయ్. ఆ తానను ఏమంటరు?"

ఆ డిష్‌ల సంగతి ఎవరైనా చెబితే బాగుండునని ఎన్నాళ్లుగానో అనుకుంటున్న పిల్లవు నువ్వు. సారు చెప్పాడు. నీ చెవిన పడలేదు. నీ తలలో అప్పుడు రెండే ఉన్నాయి, మెడ, గొంతు.

"ఏం బిడ్డా, నువ్ చెప్పు."

నోరు తెరిస్తే ముందు వచ్చేది జవాబు కాదు. అయినా లేచి నిలబడి తెరిచావు. "ఖ్‌హా." తల కుడికి కొట్టుకుంది. ఇంకోసారి. ఇంకోసారి. పీరియడ్ మొదలైనప్పటినుంచి అణచిపెట్టినవన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి, రెప్పలు టపటపా, భుజం పైకి, మళ్లీ గొంతు. వెనక నుంచి అదే శబ్దం ఎవరో చేసి చూపించారు. క్లాసు నవ్వింది.

సారు చెడ్డవాడు కాడు. చాక్‌పీసు బల్ల మీద పెట్టి, అలసిపోయిన గొంతుతో అన్నాడు. "ఎన్నిసార్లు చెప్పాలె బిడ్డా, ఆపుమని?"

ఆపుతూనే ఉన్నావు. బెల్లు కొట్టినప్పటినుంచి నువ్వు చేసిన పని అదొక్కటే.

ఈ పిల్ల షాద్‌నగర్‌లో ఏ ఇంటి పిల్ల అని వెతక్కండి. టూరెట్ సిండ్రోమ్ ఉన్న పిల్లల ఒంట్లో ఏం జరుగుతుందో ఆ పిల్లలు చెప్పుకున్నది, డాక్టర్లు రాసిపెట్టింది తీసుకుని మన ఊరి బడిలో కూర్చోబెట్టిన పిల్ల. బడిపిల్లల్లో నూటికి ఒకరికి కాస్త తక్కువగా ఈ సమస్య ఉంటుందని అంచనా. ఆ లెక్కన ఓ మాదిరి పెద్ద బడి ఏదైనా తీసుకోండి, అలాంటి పిల్లో పిల్లాడో ఒకరు ఉండే ఉంటారు. వాళ్లకు పేరు తెలియని జబ్బు ఉంటుంది, పేరు పెట్టి పిలిచే తోటిపిల్లలు మాత్రం ఉంటారు.

జనానికి అంతుపట్టనిది ఒకటే. ఈ పిల్లలు టిక్‌ను, అంటే దానంతటది వచ్చే కదలికనో శబ్దాన్నో, కాసేపు ఆపగలరు. ఆపగలరు గనక కావాలని చేస్తున్నారంటారు. మెదడు లోపలి పొరల్లో బేసల్ గాంగ్లియా అనే భాగం ఉంది. పైపొర నుంచి వచ్చే కదలికల్లో ఏది సాగనివ్వాలి, ఏది నిలపాలి అనేది చాలావరకు అక్కడ తేలి, థాలమస్ మీదుగా తిరిగి పైకి వెళుతుంది. టూరెట్‌లో ఈ దారిలో పట్టు సడలుతుంది. అక్కర్లేని కదలిక, అక్కర్లేని శబ్దం జారి బయటికి వచ్చేస్తాయి. డోపమిన్‌కు ఇందులో పాత్ర ఉందంటారు, వంశంలోంచి వచ్చే పాలూ ఎక్కువే. ఆ జారేదాన్ని పట్టి ఉంచాలంటే మెదడు మరో మూల నుంచి బలం తెచ్చుకోవాలి. క్లాసులో కూర్చున్న పిల్లకు ఆ బలం ఉన్నది పాఠం వినే మూలలోనే. తరంగాలు కూడే ఆ తానను నాభి అంటారన్నది అందుకే వినబడలేదు.

సాయంత్రం. ఆటో దిగి ఇంట్లో అడుగు పెట్టగానే బ్యాగు ఓ మూలకు, నువ్వు మంచం మీదికి. ఇక ఆపాల్సిన పని లేదు. తల ఎన్నిసార్లు విసిరిందో లెక్కలేదు, మెడ నరం పట్టేసింది. అమ్మ కొత్తూరు దగ్గర కంపెనీలో పని చేసి ఇంకా రాలేదు. అవ్వ బియ్యం చేటలో పోసుకుని రాళ్లు ఏరుతూ నిన్ను చూడనట్టే చూస్తోంది.

"బళ్లె మంచిగనే కూసుంటదట. ఇంటికొస్తెనే ఈ ఆట," అంటుంది పక్కింటి పెద్దమ్మతో.

అవ్వ మీద కోపం రాదు నీకు. తొమ్మిదేళ్లుగా నీ వెంట తిరిగింది ఆవిడే. ఆరేళ్లప్పుడు రెప్పలు ఊరికే కొట్టుకుంటుంటే కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది, చుక్కల మందు వేశారు, నెలకు తగ్గింది. తర్వాత ముక్కు చీదడం మొదలైతే ఎలర్జీ అన్నారు, మాత్రలిచ్చారు, అదీ తగ్గింది. మూడో తరగతిలో దగ్గు. ఎక్స్‌రేలో ఏమీ లేదు, అయినా దగ్గుమందు సీసాలు ఖాళీ అయ్యాయి. ఒక రోజు దగ్గు కూడా పోయింది. దాని వెనకే భుజం వచ్చింది, భుజం తర్వాత మెడ.

తర్వాత దర్గా. ఇన్ముల్‌నర్వ జహంగీర్ పీర్ దర్గాకు ఈ చుట్టుపక్కల మొక్కని ఇల్లు తక్కువ. అక్కడ హిందువులది, ముస్లింలది ఒకటే వరస. అవ్వ నిన్ను గురువారం తీసుకుపోయింది. బయట చెట్ల కింద కందూరు చేసేవాళ్ల పొయ్యిలు, పొగ, మసాలా వాసన, పిల్లల అరుపులు. లోపల గులాబీలు, ఊదు. అందరూ కళ్లు మూసుకుని చేతులు చాచిన చోట నీ గొంతు "ఖ్‌హా" అంది. ఇంకోసారి అంది. గోడ దాకా వినబడింది. నువ్వు తలవంచుకుని ఎవరైనా తిరిగి చూస్తారని ఎదురుచూశావు. ఎవరూ చూడలేదు. ముజావర్ నెమలీకల కట్ట నీ తల మీద మెల్లగా ఆనించి, అంతే మెల్లగా తీసేసి, పక్కనున్న పసిపిల్ల వైపు తిరిగాడు. అన్ని రకాల బాధలూ వచ్చే చోట నీదొక వింత కాలేదు.

మూడు వారాలు టిక్స్ బాగా తగ్గాయి. అవ్వ సంతోషానికి అంతులేదు. అప్పు చేసి మేకపోతును కొని కందూరు చేసింది, చుట్టాలందరినీ పిలిచి అన్నం పెట్టింది. దసరా సెలవుల తర్వాత బడి తెరిచేసరికి మెడ మళ్లీ మొదలు. "మొక్కుల ఏదో లోపమైంది," అని అవ్వ ఏడ్చింది. మీ అమ్మ ఒక్కపొద్దులు మొదలుపెట్టింది. నాయిన లారీ మీద పోతూ, "చెప్పిన మాట ఇంటలేదు ఇది," అన్నాడు.

నమ్మకాన్ని తప్పుపట్టడానికి ఇదంతా చెప్పడం లేదు. ఈ జబ్బు నడక అలాంటిది, అది తెలియకపోవడమే ఆ ఇంటికి చేటు చేసింది. టిక్స్ ఎప్పుడూ ఒక్క తీరుగా ఉండవు. కొన్ని వారాలు పెరుగుతాయి, కొన్ని వారాలు తగ్గుతాయి, ఒకటి పోయి ఇంకొకటి వస్తుంది. మరీ ఎక్కువైనప్పుడే ఇంట్లోవాళ్లు ఏదో ఒక వైద్యానికి పరుగెత్తుతారు. ఎక్కువైన తర్వాత తగ్గడం దాని స్వభావం. అందుకే చుక్కల మందు పనిచేసినట్టుంటుంది, దగ్గుమందు పనిచేసినట్టుంటుంది, తాయత్తూ పనిచేసినట్టుంటుంది. మళ్లీ పెరిగినప్పుడు మందును ఎవరూ తప్పుపట్టరు. తప్పు పిల్ల మీద పడుతుంది, లేకపోతే తల్లి మీద. ఈ ఒక్క సంగతి ఇంటింటికీ తెలిసినా ఎంత ఏడుపు తప్పేదో.

పట్నం పోయే బస్సు. కండక్టరు అమ్మ ఆధార్ కార్డు చూసి, నీది చూసి రెండు జీరో టికెట్లు కొట్టిచ్చాడు. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు బస్సు ఉచితం కాకపోయి ఉంటే ఈ ప్రయాణం ఇంకో ఏడాది వాయిదా పడేదని అమ్మకు తెలుసు. కంపెనీలో ఒక రోజు జీతం పోవడమే ఎక్కువ. కిటికీ పక్క సీటు నీకిచ్చింది. గాలి వస్తుందని కాదు, నీ కుడిపక్క మనుషులుండకుండా.

తిమ్మాపూర్ దాటాక ముందు సీట్లో తెల్లచొక్కా ఆయన వెనక్కి తిరిగాడు. ఒకసారి చూసి ఊరుకోలేదు. మోచెయ్యి సీటు మీద ఆనించి మరీ కూర్చున్నాడు.

"ఏమ్మా, పిల్ల గట్ల జేస్తున్నదేంది? ఏమన్న పట్టిందా?"

"జలుబన్నా," అంది అమ్మ.

ఎప్పుడూ అదే చెబుతుంది. ఏ కాలమైనా నీకు జలుబే. నువ్వు కిటికీ ఊచ పట్టుకుని శంషాబాద్ మీద దిగుతున్న విమానాన్ని చూస్తున్నావు. చూపులు మీద పడ్డకొద్దీ టిక్స్ పెరుగుతాయి. వాటి గురించి ఎవరైనా మాట్లాడినా పెరుగుతాయి. ఆరాంఘర్ వచ్చేసరికి బస్సులో సగం మందికి నీ సంగతి తెలిసిపోయింది, నీ మెడ మండిపోతోంది.

పెద్ద దవాఖానలో ఓపీ చీటీ, వరస, ఇంకో వరస. అదంతా ఎట్లా ఉంటుందో చెప్పనక్కర్లేదు. డాక్టరమ్మ గదిలోకి వెళ్లాక ఆమె అమ్మను కాదు, నిన్ను అడిగింది.

"అది వచ్చే ముందు నీకు తెలుస్తదా?"

ఇన్నేళ్లలో ఈ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. తల ఊపావు.

"ఎక్కడ తెలుస్తది? వేలు పెట్టి చూపియ్యి."

చెవి కింద పెట్టావు. తర్వాత గొంతు గుంటలో. అమ్మ నీ వేలునే చూస్తోంది. కూతురి ఒంట్లో టిక్ కంటే ముందు ఇంకొకటి ఉందని, దాన్ని ఈ పిల్ల ఒక్కతే మోస్తోందని ఆమెకు అప్పుడే తెలిసింది.

డాక్టరమ్మ తొందరపడకుండా చెప్పింది. పద్దెనిమిదేళ్ల లోపు మొదలై, ఒకటికి మించి కదలికల టిక్స్, కనీసం ఒక శబ్దం టిక్, ఏడాదికి పైగా వస్తూ పోతూ ఉంటే దాన్ని టూరెట్ అంటారు. నాడి పట్టి చూసినా, స్కానింగ్ తీసినా బయటపడేది కాదు. చూసి, అడిగి తెలుసుకోవాల్సిందే. 1885లో పారిస్‌లోని సాల్పెట్రియేర్ ఆస్పత్రిలో జార్జ్ జిల్ ద లా టూరెట్ అనే కుర్ర డాక్టరు ఇలాంటి తొమ్మిది మంది గురించి రాశాడు. ఆయన గురువు షార్కో దానికి శిష్యుడి పేరు పెట్టాడు. అంతకు అరవై ఏళ్ల ముందే, 1825లో, ఇటార్ అనే మరో వైద్యుడు ఒక పెద్దింటి ఆడమనిషి గురించి రాసిపెట్టాడు. ఆమెకు టిక్స్ మొదలైంది ఏడేళ్లప్పుడు. మగపిల్లల్లో ఇది మూడు నాలుగు రెట్లు ఎక్కువ, నిజమే. కానీ వైద్యుల రాతల్లోకి మొదట ఎక్కినవాళ్లలో ఉన్నది నీలాంటి ఆడపిల్లే.

"మరి బూతులు?" అని నువ్వే అడిగావు, అమ్మకు వినబడకూడదన్నంత మెల్లగా. ఫోన్లో చూసిన వీడియోల్లో మనుషులు అరిచే మాటలు గుర్తున్నాయి. రాత్రిళ్లు నిద్రపట్టనిచ్చింది కాదు ఆ భయం. ఏదో ఒక రోజు అవ్వ ముందు, సార్ల ముందు నోట్లోంచి అది వచ్చేస్తే?

"పదిమందిలో ఒకరికో ఇద్దరికో వస్తయ్ బిడ్డా. ఎక్కువమందికి రావు. వచ్చినా అది వాళ్ల బుద్ధి కాదు."

ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం డాక్టర్లే దీన్ని మనసులో అణచుకున్న కోపమని, పెంపకం లోపమని అనుకున్నారు. 1960లలో హాలోపెరిడాల్ అనే మందుతో టిక్స్ తగ్గడం చూశాక గానీ ఇది మెదడుకు సంబంధించిందన్న ఎరుక బలపడలేదు. తల్లుల మీద నింద వేసింది మన పల్లెలు మాత్రమే కాదన్నమాట. ఇప్పుడు మందులు ఇంకా ఉన్నాయి, అవసరమైన వాళ్లకు ఇస్తారు. నిద్రమత్తు, బరువు పెరగడం వంటివి వాటితో వస్తాయి గనక అందరికీ ఇవ్వరు. ముందుగా చెప్పేది సీబీఐటీ అనే శిక్షణ. మెడలో తొందర మొదలైన క్షణాన, తల విసరకముందే, చూపు ఎదురుగా నిలిపి గడ్డం కొంచెం కిందికి లాగి మెడ ముందు కండరాన్ని మెల్లగా బిగించాలి. ఆ తొందర దానంతటది దిగేదాకా అలాగే ఉండాలి. గొంతుకైతే ముక్కుతో నిదానంగా గాలి పీల్చి వదలాలి. క్లాసంతా ఒళ్లు బిగించుకుని కూర్చోవడం వేరు, ఇది వేరు. 2010లో అచ్చయిన ఒక పరీక్షలో 126 మంది పిల్లల్ని రెండు జట్లుగా చూశారు. ఈ శిక్షణ పొందినవాళ్లలో సగం మందికి పైగా బాగుపడ్డారు, ఊరికే ధైర్యం, సలహా అందుకున్నవాళ్లలో అయిదోవంతు కూడా కాదు.

ఆ శిక్షణలో సగం పని పిల్లది కాదు. ఇంట్లోవాళ్లది, బడిది. టిక్ వచ్చినప్పుడు ఏమీ అనకూడదు. ఆపమనకూడదు, తలకొట్టుకోకూడదు, జాలిపడకూడదు, చూడకూడదు. నన్నడిగితే ఇది రాసిచ్చే మందులన్నిటికంటే కష్టమైన మందు. మింగాల్సింది ఊరంతా.

"పెద్దగయినంక పోతదా డాక్టరమ్మా?" అమ్మ అడిగింది. పెండ్లి అనే మాట ఆమె నోటిదాకా వచ్చి ఆగడం నువ్వు చూశావు.

"పది పన్నెండేళ్లకు బాగ ఎక్కువుంటది, తర్వాత చానామందిలో తగ్గుతది. కొందరికి ఉంటది. ఉన్నా చదువుతరు, ఉద్యోగాలు చేస్తరు, పెండ్లిళ్లు చేసుకుంటరు."

తిరుగు బస్సులో మళ్లీ ఒకాయన. మనిషి వేరు, ప్రశ్న అదే. అమ్మ చున్నీ సర్దుకుంది.

"నరాల సమస్య అన్నా. దానంతటదే వస్తది. నువ్ చూడకుంటె జర తక్కువుంటది."

ఆయన ముందుకు తిరిగాడు. కొత్తూరు వచ్చేదాకా మళ్లీ తిరగలేదు. నువ్వు అమ్మ భుజం మీద తల పెట్టావు. అది విసిరినప్పుడల్లా ఆమె భుజానికే కొట్టుకుంది. ఆమె కదల్లేదు.

ఆ రాత్రి అమ్మ ఫోన్లో హిచ్కీ చూశావు. 2018లో వచ్చిన హిందీ సినిమా, రాణీ ముఖర్జీ టూరెట్ ఉన్న టీచరు. బ్రాడ్ కోహెన్ అనే అమెరికా టీచరు సొంత కథ దానికి ఆధారం. ఆమె గొంతు శబ్దం చేసినప్పుడల్లా నీ గొంతూ చేసింది. అది మామూలే, ఇంకొకరి టిక్ వింటే ఉన్నది రేగుతుంది. సినిమా బాగుంది, కానీ నువ్వు క్లాసులో కూర్చున్న పిల్లల్లో నీలాంటి పిల్ల కోసం వెతికావు. జొనాథన్ ఫ్రీసెన్ అనే అమెరికా రచయిత, తనకూ టూరెట్ ఉన్నవాడు, 2008లో జెర్క్, కాలిఫోర్నియా అని ఈడుపిల్లల నవల రాశాడు. వైకల్యాన్ని బాగా చూపిన పుస్తకాలకిచ్చే ష్నైడర్ ఫ్యామిలీ బహుమతి వచ్చింది దానికి. అలాంటిది తెలుగులో, మన యాసలో, మన బడి బెంచీ మీద జరిగే కథగా ఓ పదిహేనేళ్ల పిల్ల చేతికి రావాలని నాకు గట్టిగా ఉంది.

ఇప్పుడు మైదానం. బడి వెనక ఎర్రమట్టి, సున్నం గీతలు, రెండు కొసలా రెండు స్తంభాలు. ఖోఖో. ఎనిమిది మంది గడుల్లో వరసగా కూర్చుంటారు, ఒకరు ఇటు మొహం, పక్కవాళ్లు అటు మొహం. తొమ్మిదో మనిషి తరుముతుంది. వెనక నుంచి వీపు తట్టి "ఖో" అంటే కూర్చున్నది లేచి ఉరకాలి. నువ్వు జట్టులోకి వచ్చింది కాళ్ల బలంతోనే. పీఈటీ సారు పరుగు పందెంలో చూసి పిలిచాడు.

నాలుగో గడిలో గొంతుక్కూర్చున్నావు. ముందుకాలి బొటనవేలు మట్టిలో, చేతివేళ్లు నేల మీద. తరిమే పిల్ల రెండో గడి దాటుతోంది. నీ గొంతులో తొందర. ముక్కుతో గాలి పీల్చబోయావు, అందలేదు.

"ఖ్‌హా!"

అయిదో గడిలో పిల్ల గభాలున లేచి ఉరికింది. ఆమెకది ఖో. విజిల్. ఫౌల్. మళ్లీ మొదలు. రెండు నిమిషాలకు మళ్లీ నీ గొంతు, మళ్లీ ఆ పిల్లే, మళ్లీ విజిల్.

"నీకు దండం పెడ్తనే, జర మూస్కోయే నోరు!" అయిదో గడి పిల్ల ఏడుపు మొహం పెట్టింది. ఆమె తప్పేం లేదు. వారంలో మండల పోటీలు. నువ్వు లేచి నిలబడి గీత బయటికి నడిచావు. పీఈటీ సారు ఏదో అనబోయాడు. అంతకంటే ముందు కెప్టెన్ పిల్ల, మీ క్లాసులో ఎప్పుడూ నీతో పెద్దగా మాట్లాడని పిల్ల, నడుం మీద చేతులు పెట్టుకుని అడిగింది.

"సార్, రూల్ ఏంది? ఉత్త ఖో అంటె లేవాల్నా, తట్టి అంటె లేవాల్నా?"

"తట్టాలె, అనాలె. రెండూ."

"మరింక దీని గొంతుతోని మనకేం పని?" అమ్మాయిల వైపు తిరిగింది. "ఇగ ఇనుండ్రి. సప్పుడుకు లేవొద్దు ఎవ్వరు. చెయ్యి తగిలితేనే లేవాలె."

చెప్పినంత తేలిక కాలేదు. చెవి అలవాటు పోవాలి, వీపు అలవాటు కావాలి. మొదటి రోజు తట్టినా లేవనివాళ్లు, తట్టకముందే లేచినవాళ్లు. పీఈటీ సారు మొదట ఖో అనకుండా ఉత్త తట్టుతోనే ఆడించాడు, తర్వాత కావాలని పక్కన నిలబడి ఖో ఖో అని అరుస్తూ ఆడించాడు. వారం చివరికి నీ గొంతు ఏం చేసినా అయిదో గడి పిల్ల మోకాలు కూడా కదల్లేదు. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఖోఖో ప్రపంచకప్ ఫైనల్ సారు ఫోన్లో అందరూ గుమిగూడి చూశారు, మన అమ్మాయిలు నేపాల్‌ను 78-40తో ఓడించిన మ్యాచ్. నువ్వు మధ్యలో కూర్చుని చూశావు, భుజాలు ఎగరేస్తూ, "ఖ్‌హా" అంటూ. జరుగు అని కూడా ఎవరూ అనలేదు.

ఇంకో సంగతి నీకు ముందే తెలుసు, వాళ్లు ఇప్పుడు కనిపెట్టారు. వీపు మీద చెయ్యి పడి నువ్వు లేచిన క్షణం నుంచి, ఎదురుగా జారిపోతున్న పిల్ల నడుం మీద చూపు నిలిచినంతసేపూ, ఒక్క టిక్ ఉండదు. మెడ నీది కాదన్నట్టు నిశ్శబ్దం. ఆపడం లేదు, రావడం లేదు, అంతే. ఒళ్లంతా ఒక పనిలో మునిగినప్పుడు చాలామందికి ఇలా జరుగుతుంది. నరాల డాక్టరు, రచయిత ఆలివర్ సాక్స్ కెనడాలోని ఒక సర్జన్ గురించి 1992లో రాశాడు. మామూలప్పుడు ఒళ్లంతా టిక్స్ ఉన్న మనిషి, కత్తి పట్టి ఆపరేషన్ మొదలుపెడితే నిలకడగా గంటలకొద్దీ చేసేవాడట. అమెరికా ఫుట్‌బాల్ మాజీ గోల్‌కీపర్ టిమ్ హోవర్డ్‌కూ టూరెట్ ఉంది. 2014 ప్రపంచకప్‌లో బెల్జియం మీద బంతి వెంట బంతి ఆపి రికార్డుకెక్కాడు. కానీ ఇది చూసి "ఆటల ఆపుతది, క్లాసుల ఎందుకు ఆపదు" అనేవాళ్లుంటారు. అలా అనకండి. ఆటలో ఆ పిల్ల దేన్నీ ఆపడం లేదు.

మండల పోటీల్లో రెండో మ్యాచ్‌లో అవతలి బడి పిల్లలు నీ గొంతు విని నవ్వారు. తర్వాత తెలివి తెచ్చుకుని, మీ జట్టును తికమక పెట్టాలని గీత బయట నుంచి ఖో ఖో అని అరవడం మొదలుపెట్టారు. మీ గడుల్లో ఎనిమిది వీపులూ అలాగే ఉన్నాయి. ఒక్కరూ లేవలేదు. ఆ మ్యాచ్ గెలిచారు, సెమీస్‌లో ఓడారు. ఓడింది మాత్రం ఉత్త అలసట వల్ల.

ఫిబ్రవరి వచ్చింది. అమ్మ కంపెనీకి సగం రోజు సెలవు పెట్టి హెచ్ఎం సారు గదిలో నిలబడింది, చేతిలో డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం. పదో తరగతి పరీక్షలు వేరే బడిలో సెంటరు. అక్కడ నీ గొంతు ఎవరికీ తెలియదు. సారు కళ్లద్దాలు పెట్టుకుని కాగితం రెండుసార్లు చదివాడు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాలున్నాయి. వాటిలో టూరెట్ పేరు విడిగా లేదు. దీర్ఘకాలిక నరాల సమస్యలు అనే మాట మాత్రం ఉంది, డాక్టరమ్మ దాన్నే పట్టుకుని రాసింది.

"నేను డీఈఓ ఆఫీసుకు రాస్త అమ్మా. ఆ సెంటర్ సార్లతోని గూడ ముందే మాట్లాడ్త. వేరే రూముల కూసొనిస్తరేమో అడుగుత." నీ వైపు తిరిగాడు. "నీకిష్టమేనా బిడ్డా? ఒక్కదానివే ఉండాలె మల్ల. బాధపడొద్దు."

ముందురోజు రాత్రంతా దీని గురించే ఆలోచించావు. అందరితో రాయాలని ఉంది. మీ క్లాసుతో అయితే రాసేదానివే, ప్రీఫైనల్‌లో పది నిమిషాల తర్వాత ఎవరూ తల ఎత్తలేదు. సెంటర్‌లో కొత్త పిల్లలు. వాళ్ల పరీక్ష వాళ్లది. వాళ్ల కోసం ఆపుకుంటూ కూర్చుంటే లెక్కలు చేసేది ఎవరు? ఒక్కదానివే ఉంటే మెడ ఇష్టమొచ్చినట్టు విసురుకోవచ్చు, గొంతు ఇష్టమొచ్చినంత అరవొచ్చు. మూడు గంటలూ బుర్ర మొత్తం పేపరు మీద పెట్టొచ్చు. ఇప్పటిదాకా ఏ పరీక్షకూ అది దొరకలేదు నీకు.

"ఇష్టమే సార్. ఖ్‌హా. వేరే రూమే ఇప్పియ్యుండ్రి."

"ఆ రూముల ఫ్యానుంటదా సారూ?" అమ్మ అడిగింది. "ఎండలు ముదుర్తయ్ అప్పటికి."

"గడియారం గూడ గావాలె సార్," అన్నావు నువ్వు. "హాల్ల అయితె అందరు గలిసి బెల్లు ఇంటరు. ఒక్కదాన్నే ఉంటె నాకు టైము ఎట్ల తెలుస్తది?"

సారు పెన్ను తీసి, లెటర్లో ఇంకో లైను చేర్చి, మళ్లీ మొదటినుంచి పైకి చదివి వినిపించాడు.